కాలేజీ స్పోర్ట్స్ రూములో దొరికిన పాత టీమ్ ఫొటోలు: ఏ ఏడాదివో తేల్చడం ఎలా?

పాతపెట్టె
అందరికీ నమస్కారం. నేను చదువుకున్న కాలేజీలో (పేరు వద్దులెండి) స్పోర్ట్స్ రూమ్ ఖాళీ చేస్తుంటే బీరువా వెనకాల పాత ఫొటోలు బయటపడ్డాయి. లైబ్రరీ వాళ్ళు ఆర్కైవ్‌లో పెడతాం కానీ ముందు ఏది ఏ సంవత్సరమో రాసివ్వండి అన్నారు, తిరిగి తిరిగి ఆ పని నా నెత్తిన పడింది. అద్దాల ఫ్రేములు కొన్ని, నల్ల కాగితాల ఆల్బమ్ ఒకటి, రేకు డబ్బా నిండా నెగటివ్‌లు. ఆ డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన కొడుతోంది.

ఇప్పుడు అసలు గొడవ ఒక ఫుట్‌బాల్ టీమ్ ఫొటో గురించి. మధ్యలో కెప్టెన్ ఒళ్ళో పెద్ద షీల్డ్ ఉంది, దాని మీద 1923 అని స్పష్టంగా కనిపిస్తోంది. అంతే, మావాళ్ళంతా అది 1923 నాటి టీమ్ అని ఖాయం చేసేసి, వందేళ్ళ చరిత్ర అని బ్యానర్ కూడా వేసేద్దాం అంటున్నారు. నాకెందుకో ఆ కాగితం అంత పాతదిగా అనిపించట్లేదు. ఎవరికైనా ఇలాంటివి చూసిన అనుభవం ఉంటే చెప్పండి.

సెంటర్‌ఫార్వర్డ్
షీల్డ్ మీద ఉండే పెద్ద అంకె చాలాసార్లు టోర్నమెంట్ మొదలైన సంవత్సరం అన్నా. దాతలు ఇచ్చినప్పుడు చెక్కించింది అలాగే ఉండిపోతుంది. 1923లో ఇచ్చిన షీల్డ్‌ని 1980లో గెలిచినవాళ్ళు కూడా ఒళ్ళో పెట్టుకునే ఫొటో దిగుతారు. బ్యానర్ ఆపించు ముందు.

గ్రంథపాలిక
సెంటర్‌ఫార్వర్డ్ గారు చెప్పింది నిజం. ఇలాంటిదే ఇంకోటి ఉంది. అమెరికా కాలేజీల పాత ఫొటోల్లో బాల్ మీద తెల్ల రంగుతో సంవత్సరం రాసి మధ్యలో పెట్టుకునేవారు. అది క్లాసు టీమ్ అయితే ఆ అంకె వాళ్ళు పట్టా పుచ్చుకోబోయే సంవత్సరం, ఫొటో తీసిన సంవత్సరం కాదు. 1904 అని బాల్ మీద ఉంటే ఫొటో 1901దీ కావచ్చు, 1903దీ కావచ్చు. అలాగని అన్నీ అలా ఉండవు. అమెరికాలో అక్కడి మూలవాసుల పిల్లల కోసం పెట్టిన కార్లైల్ ఇండియన్ స్కూల్ వాళ్ళు 1911లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించినప్పుడు ఆ స్కోరే బాల్ మీద రాసుకుని ఫొటో దిగారు, అక్కడ అంకె నేరుగా ఆ మ్యాచ్‌దే. కాబట్టి ఫొటోలో అంకె కనిపిస్తే, అది దేని అంకె అని ముందు అడగాలి.

పాతపెట్టె గారూ, నెగటివ్ డబ్బా గురించి మాత్రం ఆగకూడదు. దాన్ని ఇవాళే మిగతా ఫొటోల నుంచి వేరే గదికి మార్చండి, మూత బిగించి పెట్టొద్దు, గాలి ఆడనివ్వండి. వివరాలు కింద రాస్తాను.

బ్లేజర్ బాబు
ఫొటో పెట్టు బ్రో, మాటల్లో చెప్తే ఎలా?

పాతపెట్టె
కాలేజీ వాళ్ళు ఇంకా బయట పెట్టడానికి ఒప్పుకోలేదు, అందుకే మాటల్లోనే. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు, ముందు వరుసలో కుర్చీల్లో ఉన్నవాళ్ళు, నేల మీద కాళ్ళు మడిచి కూర్చున్నవాళ్ళు ఇద్దరు. చొక్కాలు అడ్డచారలవి, గోలీకి (గోల్‌కీపర్‌కి) మాత్రం ముదురు రంగు స్వెటర్. బాల్ తాడు కుట్టుది. గోల్‌పోస్ట్ వలతో సహా వెనక దూరంగా ఉంది. ఇద్దరి మధ్య సందులోంచి నేల మీద సున్నం గీత ఒకటి వంపు తిరిగి కనిపిస్తోంది.

సెంటర్‌ఫార్వర్డ్
ఆ వంపు గీతే కీలకం! వల ఉందంటే 1891 తర్వాతది, అది మనకు పెద్దగా పనికిరాదు. గోలీకి వేరే రంగు అనే నియమం 1909లో వచ్చింది, అదీ 1923కి అడ్డం కాదు. తాడు కుట్టు బాల్ 1950ల్లో కూడా ఆడేవారు. కానీ పెనాల్టీ ఏరియా బయట ఉండే అర్ధచంద్రం లాంటి గీత, అదే మనం డీ అంటాం, అది 1937లో వచ్చింది. అది డీ అయితే 1923 కథ అక్కడితో సరి.

బ్లేజర్ బాబు
సెంటర్ సర్కిల్ అయితే? అదీ వంపే కదా, అది ఎప్పటినుంచో ఉంది.

సెంటర్‌ఫార్వర్డ్
మంచి ప్రశ్న. సెంటర్ సర్కిల్‌ని అడ్డగీత మధ్యలోంచి కోస్తుంది, వంపు రెండు వైపులా ఉంటుంది. డీ అయితే వంపు పెనాల్టీ ఏరియా ముందున్న తిన్నని గీతకు ఒక వైపే అతుక్కుని ఆగిపోతుంది, గోల్ వైపు వంపు ఉండదు. పాతపెట్టె అన్నా, భూతద్దం పెట్టి ఆ వంపు చివర ఎక్కడ తగులుతోందో చూడు.

పాతపెట్టె
చూశా. వంపు గోల్‌కి ఇవతల ఉన్న తిన్నని గీతకు తగిలి ఆగిపోయింది. ఆ గీతకు అవతల గోల్‌పోస్ట్ వరకు ఇంకేం వంపు లేదు.

సెంటర్‌ఫార్వర్డ్
డీ. 1937 లేదా ఆ తర్వాత. పైగా మీ మైదానంలో గీత గీసేవాడికి కొత్త నియమం అదే ఏడాది చేరిందన్న గ్యారంటీ లేదు కాబట్టి ఇంకో రెండు మూడేళ్ళు కలుపుకోవచ్చు.

లాంగ్‌జంప్ లక్కీ
ఇక్కడ ఒక మాట. ఈ గీతలు, బాల్, బూట్లు పట్టుకుని లెక్క వేసేటప్పుడు అందరూ జారిపడే చోటు ఒకటుంది. కొత్త వస్తువు కనిపిస్తే ఫొటో దానికి ముందుది కాదని చెప్పగలం. పాత వస్తువు కనిపిస్తే మాత్రం ఫొటో పాతదని చెప్పలేం! కాలేజీలు అంటేనే డబ్బుల్లేని డిపార్ట్‌మెంట్లు, పది పదిహేనేళ్ళ కిందటి బాల్‌తోనే ఆడిస్తారు, అరిగిపోయిన స్పైక్స్ సీనియర్ల నుంచి జూనియర్లకు వెళ్తాయి.

నాకు తెలిసిన అథ్లెటిక్స్‌లోంచి చెప్తా. హైజంప్ ఫొటో చూస్తే, వీపు కిందకి పెట్టి బార్ దాటుతున్నవాడు కనిపించాడంటే అది దాదాపు ఖాయంగా 1968 తర్వాతది, ఎందుకంటే ఆ ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు డిక్ ఫాస్‌బరీ 2.24 మీటర్లు దూకి బంగారు పతకం కొట్టాకే లోకమంతా అది నేర్చుకుంది. పొట్ట కిందకి పెట్టి దాటే స్ట్రాడిల్ కనిపిస్తే మాత్రం 1968కి ముందుదని రాసెయ్యకండి, 1970ల్లో కూడా పెద్ద పెద్ద చాంపియన్లే అలా దూకారు. ఇక కింద ఇసుక గుంట ఉందా, ఫోమ్ పరుపు ఉందా అన్నది ఇంకా తికమక. ఇసుకలో వీపు మీద పడితే మెడ విరుగుతుంది కాబట్టి ఆ పద్ధతి పరుపుతో పాటే పాకింది, పరుపు కొనలేని కాలేజీలు ఏళ్ళ తరబడి పాత పద్ధతిలోనే దూకాయి.

పరుగు పందెం ఫొటోల్లో కాళ్ళ దగ్గర చూడండి. నేలలో చిన్న గుంటలు తవ్వుకుని వేళ్ళు పెట్టారా, స్టార్టింగ్ బ్లాక్స్ ఉన్నాయా? బ్లాక్స్ 1920ల చివర్లో అమెరికాలో పుట్టాయి, అంతర్జాతీయ సమాఖ్య 1937లో ఒప్పుకుంది, ఒలింపిక్స్‌లో మొదటిసారి 1948లో. గుంటలు కనిపిస్తే ఏమీ తేలదు, బ్లాక్స్ కనిపిస్తే ఏదో తేలుతుంది. అంతే తేడా.

డార్క్‌రూమ్ డ్రాపవుట్
లక్కీ చెప్పింది బంగారం. ఇదే సూత్రం కాగితానికీ వర్తిస్తుంది.

పాతపెట్టె అన్నా, చిన్న యూవీ టార్చ్ దొరికితే చీకటి గదిలో ఆ ఫొటో వెనక వైపు, అంచుల మీద ఒక్క క్షణం వేసి చూడు (కళ్ళలోకి మాత్రం వద్దు). కాగితం నీలంగా తెల్లగా మెరిసిపోతే అందులో తెల్లదనం కోసం కలిపే బ్రైట్‌నర్ ఉన్నట్టు. ఫొటో కాగితంలో అవి 1950ల నుంచి కలుపుతున్నారు. మెరిస్తే 1950లు లేదా తర్వాత, మెరవకపోతే పాతదని అర్థం కాదు, అది లేని కాగితాలు తర్వాత కూడా వచ్చాయి. ఒరిజినల్ ఎప్పటిదైనా, నీ చేతిలో ఉన్నది తర్వాత వేయించిన కాపీ అయి ఉండొచ్చన్నది కూడా గుర్తుపెట్టుకో. వెనక్కి తిప్పి చూస్తే ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటే అది రెజిన్ కోటింగ్ కాగితం, అవి 1970ల నుంచి విరివిగా వచ్చాయి.

ఇంకా పాతవి ఉంటే చూడటానికే భలే ఉంటాయి. పల్చటి కాగితాన్ని దళసరి అట్టకు అతికించి, బ్రౌన్ రంగులో ఉండి, తెల్లగా ఉండాల్సిన చోట పసుపు తిరిగి ఉంటే అది ఆల్బుమెన్ ప్రింట్ కావచ్చు, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం. 1850లో మొదలై 1890ల దాకా రాజ్యమేలింది. ఆ తర్వాత వచ్చిన జెలటిన్ వాటికి వయసు మీద పడితే నల్లటి భాగాల్లో, ముఖ్యంగా అంచుల దగ్గర, అద్దంలా వెండి మెరుపు తేలుతుంది. ఫొటోని వాలుగా పట్టుకుని చూడు.

నిశ్శబ్ద పాఠకుడు
చాలా రోజులుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. మా దగ్గర ఉన్న ఫొటో అంచు తెల్ల బోర్డర్ మీద నెల, సంవత్సరం అచ్చయి ఉంది. దాన్ని నమ్మొచ్చా?

డార్క్‌రూమ్ డ్రాపవుట్
స్వాగతం. అది ల్యాబ్‌లో ప్రింట్ వేసిన తేదీ, కెమెరా నొక్కిన తేదీ కాదు. రీలు అయిపోయేదాకా కెమెరాలోనే ఉంచేవాళ్ళు కదా, కాలేజీ మీట్ డిసెంబర్‌లో జరిగి ప్రింట్ మే నెలలో పడటం మామూలే. రీప్రింట్ అయితే ఏళ్ళ తేడా. కానీ ఫొటో ఆ తేదీ తర్వాతది మాత్రం కాదు. ఇందాక లక్కీ చెప్పినవన్నీ కింది హద్దు ఇస్తే, ఇది పై హద్దు ఇస్తుంది, అందుకే ఇది విలువైనది. దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించినవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

గ్రంథపాలిక
చెప్పానుగా, నెగటివ్‌ల సంగతి.

పుల్లటి వాసన అంటే అది అసిటేట్ ఫిల్మ్, వెనిగర్ సిండ్రోమ్ అంటారు. ఫిల్మ్ ఆధారమే విరిగి ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, ఆ యాసిడ్ మిగతాదాన్ని ఇంకా వేగంగా విరగ్గొడుతుంది, పక్కనున్న మంచి నెగటివ్‌లకూ అంటిస్తుంది. అందుకే వేరు చేయమన్నాను, మూసిన డబ్బాలో ఆవిరి బయటికి పోక ఇంకా పాడవుతుంది. ఆపడానికి మందు లేదు, చల్లగా పొడిగా పెడితే నెమ్మదిస్తుంది, అంతే. కాబట్టి స్కాన్ చేసే వరుసలో ఇవే ముందు. వంకర తిరిగినవి, కాలువల్లా ముడతలు పడ్డవి బలవంతంగా చదును చేయొద్దు.

ఇంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సింది నైట్రేట్ ఫిల్మ్‌తో. 1889 నుంచి 1950 ప్రాంతం వరకు వాడారు. అంటుకుంటే బయటి గాలి అవసరం లేకుండా కూడా మండుతుంది, నీళ్ళతోనూ సులువుగా ఆరదు. చిన్న ముక్క కాల్చి పరీక్షించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, దయచేసి చేయొద్దు. అంచున సేఫ్టీ అని ఇంగ్లీషులో ఉంటే సాధారణంగా అసిటేట్, నైట్రేట్ అని ఉంటే నైట్రేట్. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. కాపీ నెగటివ్ తీసినప్పుడు ఒరిజినల్ అంచు అక్షరాలు కూడా కాపీలో పడతాయి, అంటే సేఫ్టీ ఫిల్మ్ మీద నైట్రేట్ అనే మాట కనిపించొచ్చు. అనుమానం ఉంటే నైట్రేట్ అనే అనుకుని వేరే పెట్టి, తెలిసిన కన్జర్వేటర్‌కు (పాత వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణులకు) చూపించండి.

పాతపెట్టె
మేడమ్ చాలా థాంక్స్. డబ్బా వేరే గదికి మార్చేశాం. అంచుల మీద సేఫ్టీ అనే ఉంది, కాస్త ఊపిరి పీల్చుకున్నా.

ఇంకో సందేహం. ఫ్రేముల్లో రెండింటికి ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. కత్తితో నెమ్మదిగా లేపొచ్చా?

గ్రంథపాలిక
వద్దు వద్దు వద్దు. జెలటిన్ తేమకు మెత్తబడి గాజుకు పట్టేసింది, లేపితే మొహాలు గాజు మీద, కాగితం మీ చేతిలో. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీదుగానే మెరుపు పడకుండా పక్కల నుంచి లైట్ పెట్టి కెమెరాతో తీయండి. తర్వాత ఎప్పుడైనా నిపుణులు చూస్తారు.

నల్ల కాగితాల ఆల్బమ్ కూడా విడదీయొద్దు. ముందు పేజీ పేజీ మొత్తంగా ఫొటో తీయండి, ఎందుకంటే ఏ ఫొటో పక్కన ఏది ఉందన్నదే ఒక ఆధారం. వెనక రాయాల్సి వస్తే బాల్‌పెన్ను వద్దు, మెత్తటి పెన్సిల్‌తో అంచున మాత్రమే. కవర్లు పీవీసీ ప్లాస్టిక్‌వి కాకుండా పాలియెస్టర్‌వి.

పిక్సెల్ పంతులు
ఇంత కష్టం ఎందుకు అసలు? ఫోన్‌లో ఫొటో తీసి ఏఐ టూల్‌లో వేస్తే మొహాలు క్లియర్‌గా వస్తాయి, రంగులు కూడా వేస్తుంది. మా బ్యాచ్ గ్రూపులో అందరివీ చేశా, భలే వచ్చాయి, జెర్సీలు కూడా ఎరుపులో అదిరిపోయాయి.

బ్లేజర్ బాబు
జెర్సీ ఎరుపని దానికెవరు చెప్పారు?

పిక్సెల్ పంతులు
అదే వేసింది బ్రో, బావుంది కదా.

డార్క్‌రూమ్ డ్రాపవుట్
బావుండటం వేరు, ఉన్నది ఉన్నట్టు ఉండటం వేరు పంతులూ. అది మొహాన్ని క్లియర్ చేయట్లేదు, మసక ఉన్నచోట తనకు తెలిసిన వేల మొహాల సగటు నుంచి కొత్త కళ్ళు, కొత్త పళ్ళు పెడుతోంది. రేపు వాళ్ళ మనవడు వచ్చి మా తాత ఎవరు అంటే, నీ ఫొటోలో ఉన్నవాళ్ళు ఎవరి తాతలూ కారు.

రంగు సంగతి ఇంకా ఘోరం. పాత బ్లాక్ అండ్ వైట్ ప్లేట్లకు (ఫిల్మ్ బదులు వాడిన గాజు పలకలకు) ఎరుపు సరిగ్గా అందేది కాదు. మొదటి రకాలు నీలానికి మాత్రమే స్పందించేవి, తర్వాతి ఆర్థోక్రొమాటిక్‌లకూ ఎరుపు కనిపించదు. అంటే ఎర్ర చొక్కా దాదాపు నల్లగా, నీలం చొక్కా వెలిసిన తెలుపులా పడుతుంది. మన కంటి అంచనా తల్లకిందులు. మీ కాలేజీ రంగులేవో పాత రికార్డులో చూసి తెలుసుకో, ఏఐని అడక్కు.

పిక్సెల్ పంతులు
సరే గానీ, గ్రూపులో సరదాకి షేర్ చేసుకుంటే తప్పేముంది? జనం అది చూసే కదా మా మామయ్య ఇతనే అని మెసేజ్ పెడుతున్నారు. మార్పుల్లేని పెద్ద పెద్ద స్కాన్‌లు, మీ టిఫ్ ఫైళ్ళు ఎవడు చూస్తాడు?

గ్రంథపాలిక
ఆ పాయింట్‌లో పంతులు గారిది న్యాయమే, జనం చూడకపోతే పేర్లు రావు. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో పాత న్యూస్ ఫొటోలు పెట్టినప్పుడు జరిగింది అదే. అందులో ఆటగాళ్ళ ఫొటోలు బోలెడు, చూసేవాళ్ళు పాత పేపర్లు తిరగేసి పేర్లూ తేదీలూ మ్యాచ్‌లూ పట్టిచ్చారు, సిబ్బంది సరిచూసుకుని రికార్డులో చేర్చారు. కానీ వాళ్ళు పెట్టింది అసలు ఫొటోల స్కాన్‌లు, మెరుగులు దిద్దినవి కాదు. మెరుగు పెట్టిన మొహం చూసి మా మామయ్యే అన్నవాళ్ళ మాట నేను రికార్డులో రాయను.

స్కాన్ విషయానికి వస్తే మామూలు సైజు ప్రింట్‌కి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఒకటి దాచుకోవడానికి, దాన్నుంచి జేపెగ్ పంచుకోవడానికి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర ఒక్కటి చాలు మొత్తం తేలడానికి. పాత క్యాప్షన్ తప్పుగా ఉన్నా కొట్టేయొద్దు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించి పక్కన మీ సవరణ, ఎందుకు సవరించారో రాయండి.

బ్లేజర్ బాబు
నెగటివ్ తిరగేసి స్కాన్ చేయకుండా చూసుకోండి. ఒక కాలేజీ సావనీర్‌లో క్రికెట్ టీమ్ ఓపెనర్లు ఇద్దరూ, బౌలర్లు అందరూ ఎడమచేతివాళ్ళే! బ్లేజర్ జేబు గుడ్డ ఎప్పుడూ ఎడమ ఛాతీ మీద ఉంటుంది, మగవాళ్ళ కోటులో ఎడమ అంచు పైకి వస్తుంది. అది తిరగబడి ఉంటే ఫొటో తిరగబడినట్టే. ఎమల్షన్ (బొమ్మ పడే పూత) ఉన్న వైపు కాస్త మసకగా ఉంటుంది, అటువైపుని బట్టి చూసుకోవాలి. తిరగబడిన ఫొటోకి ఎడమ నుంచి కుడికి పేర్లు వేస్తే ఇక చెప్పేదేముంది, గోలీ పేరు లెఫ్ట్‌వింగ్‌కి.

లాంగ్‌జంప్ లక్కీ
పేర్ల జాబితా అంటే గుర్తొచ్చింది. వందలమంది ఉన్న పొడవాటి ఫొటోలు ఉంటాయే, తిరిగే కెమెరాతో తీసేవి, 1904లో పేటెంట్ తీసుకున్న సర్కట్ లాంటివి. కెమెరా ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా తిరిగేలోపు, ఒక గడుసు కుర్రాడు వెనక నుంచి పరిగెత్తి రెండో చివర నిలబడేవాడు, రెండు చోట్లా నవ్వుతూ కనిపిస్తాడు. మీ లెక్కలో ఒక మనిషి ఎక్కువ వస్తే కవలలు అనుకోకండి.

ఇంకోటి, పాత యాక్షన్ ఫొటో చూసి మురిసిపోయే ముందు అది నిజంగా యాక్షనేనా అని చూడండి. ప్లేట్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో స్టూడియోలో రంగుల తెర ముందు నిలబెట్టి తీసేవారు. 1880ల చివరి అమెరికా బేస్‌బాల్ సిగరెట్ కార్డుల్లో బంతిని దారంతో వేలాడదీశారు, చూస్తే దారం కనిపిస్తుంది కూడా. నిజమైన కదలిక కోసం మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ 1880ల మధ్యలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వరసగా కెమెరాలు పెట్టి తీశాడు, 1887లో 781 ప్లేట్లుగా వచ్చాయి, అందులో పరిగెత్తేవాళ్ళు, దూకేవాళ్ళు చాలామంది ఆ యూనివర్సిటీ అథ్లెట్లే.

నిశ్శబ్ద పాఠకుడు
అమ్మాయిల టీమ్ ఫొటోలు ఎవరికైనా దొరికాయా? మా కాలేజీ ఆర్కైవ్‌లో అబ్బాయిలవి గోడల నిండా ఉన్నాయి, అమ్మాయిలవి ఒక్కటి కూడా లేదు. ఆడలేదేమో అనుకుందామంటే మా అమ్మ అక్కడే వాలీబాల్ ఆడింది.

గ్రంథపాలిక
ఉంటాయి, కానీ స్పోర్ట్స్ రూములో ఉండవు. హాస్టల్ వార్డెన్ ఆల్బమ్‌లో, వార్షికోత్సవం కవర్లో, సొంత ఇళ్ళల్లో ఉంటాయి. గెలిచిన షీల్డ్‌తో దిగినవే గోడకెక్కేవి, అమ్మాయిలకు చాలాచోట్ల టోర్నమెంటే ఉండేది కాదు. బాస్కెట్‌బాల్‌నే తీసుకోండి, నైస్మిత్ 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపెడితే, మరుసటి ఏడాదికే ఆడపిల్లల కాలేజీ అయిన స్మిత్ కాలేజీలో టీచర్ సెండా బెరెన్సన్ అమ్మాయిలతో ఆడించారు. 1893లో అక్కడ జరిగిన మ్యాచ్‌కి మగవాళ్ళను లోపలికే రానివ్వలేదు. ఆ కాలేజీ వాళ్ళు దాచుకున్నారు కాబట్టి బ్లూమర్లు (వదులు లాగులు) వేసుకున్న ఆ టీమ్‌లని ఇవాళ చూడగలుగుతున్నాం. మీ అమ్మగారి దగ్గర, ఆమె స్నేహితుల దగ్గర ఉన్నవి స్కాన్ చేసి కాలేజీకి కాపీ ఇవ్వండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.

అలాగే టీమ్ ఫొటో చివర బనీనుతోనో టవల్‌తోనో నిలబడ్డ గ్రౌండ్స్‌మన్‌నీ, కిట్ మోసే కుర్రాణ్ణీ చూడండి. క్యాప్షన్‌లో ప్రిన్సిపాల్ డిగ్రీలతో సహా ఉంటాడు, వీళ్ళ పేరు ఉండదు. పాత మస్టర్ రోల్‌లో, జీతాల పుస్తకంలో వెతికితే దొరుకుతుంది. నేను ఈ పని మాత్రం పట్టుబట్టి చేయిస్తాను.

సెంటర్‌ఫార్వర్డ్
పాతపెట్టె అన్నా, షీల్డ్ సంగతి ఏమైంది? ఒకటి అడగడం మర్చిపోయా. షీల్డ్ చుట్టూ చిన్న చిన్న వెండి బిళ్ళలు ఉంటాయి కదా, గెలిచినవాళ్ళ సంవత్సరాలు చెక్కేవి. అవి చదవగలిగితే పని అయిపోయినట్టే. చెక్కించిన చివరి బిళ్ళ కిందటేడు గెలిచినవాళ్ళది అయి ఉంటుంది, ఈ ఏడాది పేరు షీల్డ్ ఇచ్చాకే చెక్కిస్తారు కాబట్టి.

పాతపెట్టె
అబ్బా, ఇది నాకు తట్టనే లేదు. ప్రింట్ పెద్దదే, షీల్డ్ ఫోకస్‌లో ఉంది. 1200 డీపీఐలో ఆ భాగం మళ్ళీ స్కాన్ చేయిస్తా. యూవీ టార్చ్ కూడా కెమిస్ట్రీ ల్యాబ్‌లో దొరికింది, వేస్తే అంచులు నీలంగా మెరిశాయి.

డార్క్‌రూమ్ డ్రాపవుట్
అంటే ప్రింట్ 1950లు లేదా ఆ పైన. స్టూడియో ముద్ర?

పాతపెట్టె
ఉంది కానీ సగం చెరిగిపోయింది, సంవత్సరం లేదు.

స్కాన్ వచ్చేసింది! బిళ్ళలు వరసగా ఉన్నాయి, చివర మూడు ఖాళీ. నిండిన వాటిలో ఆఖరిది 1954 అని చదవగలిగాం, ముగ్గురం విడివిడిగా చూసి అదే చెప్పాం. మధ్యలో 1942 నుంచి 1945 వరకు లేవు, యుద్ధం రోజుల్లో టోర్నమెంట్ ఆపినట్టున్నారు.

సెంటర్‌ఫార్వర్డ్
అయితే 1955 అనుకోవచ్చు. మధ్యలో ఒక ఏడాది పోటీ జరక్కపోయినా, చెక్కించడానికి బద్ధకించినా 1956. కాలేజీ మ్యాగజైన్ పాత సంపుటాలు లైబ్రరీలో ఉంటాయి, స్పోర్ట్స్ రిపోర్ట్ పేజీ చూడు.

పాతపెట్టె
చూశాం. 1955-56 సంచికలో ఫుట్‌బాల్ కెప్టెన్ పేరు, ఫైనల్ గెలిచిన సంగతి ఉంది, టీమ్ జాబితా కూడా పూర్తిగా ఉంది. ఫొటో మాత్రం అచ్చు వేయలేదు. జాబితాలో పేర్లు పదమూడు, ఫొటోలో మనుషులు పదిహేను, అందులో ఒకాయన సూట్‌లో ఉన్నారు కాబట్టి కోచో లెక్చరరో, ఇంకొకరు చివరన టవల్‌తో ఉన్నారు. మేడమ్ చెప్పినట్టు జీతాల పుస్తకం అడిగాను, ఆఫీసులో వెతుకుతామన్నారు.

బ్యానర్ మీద 1923 తీసేయించాను. వందేళ్ళు పోయాయని కొందరు అలిగారు.

బ్లేజర్ బాబు
షీల్డ్‌కి వందేళ్ళు దాటాయి కదా బ్రో, షీల్డ్ బ్యానర్ వేసుకోమను.

పిక్సెల్ పంతులు
ఇప్పుడు పేర్లు తెలిశాయి కాబట్టి ఫ్యామిలీలను వెతకొచ్చు కదా. ఒరిజినల్ స్కానే పెడతా, రంగులు వేయను, ప్రామిస్. ఫేస్‌బుక్‌లో పెట్టనా?

గ్రంథపాలిక
ముందు కాలేజీ అనుమతి, తర్వాత హక్కుల సంగతి. ప్రింట్ కాలేజీ దగ్గర ఉన్నంత మాత్రాన కాపీరైట్ కాలేజీది అయిపోదు, అది తీసిన స్టూడియోదో ఫొటోగ్రాఫర్‌దో కావచ్చు, గడువు లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే ఆ చెరిగిన ముద్రని వాలు వెలుతురులో మళ్ళీ చదవడానికి ప్రయత్నించండి. అనుమతి వచ్చాక మనుషుల ఆకారాలు మాత్రమే గీసి ఒక్కొక్కరికీ నంబర్ వేసిన కాగితం ఒకటి పక్కన పెట్టండి, జనం నంబర్ చెప్తే చాలు, ఎడమ ఎవరి ఎడమ అన్న తగాదా ఉండదు. ఎవరు, ఏ తేదీన, ఏ నంబర్‌ని ఎవరని చెప్పారో రాసుకోండి. ఒకే మనిషికి ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ ఉంచండి.

పాతపెట్టె
అలాగే చేస్తాం మేడమ్. నంబర్ల కాగితం పంతులు గీస్తానన్నాడు. నెగటివ్‌లు స్కాన్ మొదలుపెట్టాం, పైన ఉన్నవన్నీ హాకీ మ్యాచ్‌లే, గడ్డి మైదానం మీదవి. వాటికి వేరే థ్రెడ్ తెరుస్తాను, హాకీ తెలిసినవాళ్ళు అక్కడికి రండి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ టర్ఫ్ వచ్చింది కాబట్టి ఇవన్నీ దానికి ముందువే అని ఇప్పటికే ఒకరు అంటున్నారు.

లాంగ్‌జంప్ లక్కీ
కాలేజీ గ్రౌండులో టర్ఫ్ ఎప్పుడు వేశారో, అసలు వేశారో లేదో ముందు అది కనుక్కో. వస్తున్నా.